ఎడిసన్ వెళ్ళేముందు పెన్షన్ లెక్క చూసుకో చెల్లీ

చెల్లీ,

వచ్చే జూన్‌లో రిటైరవుతున్నావని, న్యూయార్క్‌లో ఇల్లు అమ్మేసి అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్ళిపోదామనుకుంటున్నారని మరిది గారు చెప్పారు. మనవడి దగ్గర ఉండాలని ఎవరికి ఉండదు? వెళ్ళొద్దని అనను. కానీ ఇల్లు బేరం పెట్టేముందు నీ పెన్షన్ మీద పన్ను సంగతి తేల్చుకో.

నీది న్యూయార్క్ రాష్ట్ర టీచర్ల పెన్షన్. న్యూయార్క్‌లో ఉన్నంతకాలం దాని మీద స్టేట్ ట్యాక్స్, అంటే రాష్ట్రం వేసే ఆదాయపు పన్ను, ఒక్క డాలరు కూడా పడదు. కేంద్రానికి కట్టే ఫెడరల్ ట్యాక్స్ మాత్రం ఎక్కడున్నా తప్పదు. మన టీచర్లలో చాలామంది, ఈ మినహాయింపు తాము ఎక్కడికి వెళ్తే అక్కడికి వస్తుందనుకుంటారు. రాదు. అది న్యూయార్క్ ఇచ్చింది, పక్క రాష్ట్రానికి దానితో పనిలేదు. 1996లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, నీ పెన్షన్ మీద స్టేట్ ట్యాక్స్ వేసే హక్కు నువ్వు కాపురమున్న రాష్ట్రానిదే, పాఠాలు చెప్పిన రాష్ట్రానిది కాదు. అంతకుముందు కాలిఫోర్నియాలో పనిచేసి నెవాడాలో స్థిరపడ్డవాళ్ళని కూడా కాలిఫోర్నియా పన్ను కట్టమనేది.

ఇక న్యూజెర్సీ. అక్కడ 62 నిండినవాళ్ళ పెన్షన్‌కి మినహాయింపు ఉంది, కానీ అది ఇంటి మొత్తం ఆదాయాన్ని బట్టి. మీలాగా ఇద్దరూ కలిపి రిటర్న్ వేసేవాళ్ళకి ఆదాయం 1,00,000 డాలర్లు దాటకపోతే పెన్షన్ మొత్తం వదిలేస్తారు. 1,25,000 లోపు అయితే సగం, 1,50,000 లోపు అయితే పాతిక శాతం. ఆపైన ఏమీ లేదు. నీ పెన్షన్ 60,000, మరిది గారి జీతం 95,000 అనుకో. మొత్తం 1,55,000. నీ 60,000 మొత్తానికీ న్యూజెర్సీ పన్ను కట్టాల్సిందే. అదే మరిది గారు కూడా రిటైరై, ఆయన ఐఆర్ఏ (రిటైర్మెంట్ కోసం దాచుకున్న ఖాతా) నుంచి ఏటా 30,000 తీసుకుంటే మొత్తం 90,000. అప్పుడు ఇద్దరికీ 62 దాటి ఉంటే దేని మీదా పన్ను పడదు. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌ని న్యూజెర్సీ ఈ లెక్కలో కలపదు, అదొక ఊరట.

అందుకే నా మాట విను. మరిది గారు ఉద్యోగం మానేదాకా న్యూయార్క్‌లోనే ఉండి, అప్పుడు మారండి. మారాక కూడా డిసెంబర్‌లో ఐఆర్ఏ నుంచి పెద్ద మొత్తం తీసేముందు ఆ ఏడాది ఆదాయం ఎంతయిందో కూడుకోండి. ఒక్క డాలరు గీత దాటినా శాతం మొత్తం మారిపోతుంది.

డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియా వైపు చూడమని కూడా చెప్తాను. వయసు ప్రకారం రిటైరైనవాళ్ళ పెన్షన్‌ని ఆ రాష్ట్రం ముట్టుకోదు. అమ్మాయి ఇంటికి కారులో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరమే. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ అసలు లేదని ఫ్రిస్కోలో మనవాళ్ళు ఊరిస్తారు. నిజమే, కానీ అక్కడి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు ఒకటి తెప్పించుకుని చూడు. అసలు న్యూజెర్సీలో కూడా అది తక్కువేం కాదు. అమ్మాయి వాళ్ళది ఎంతొస్తోందో అడుగు, కళ్ళు తిరుగుతాయి.

ఇంకొకటి. నీ 403 బి లో, అంటే జీతంలోంచి రిటైర్మెంట్ కోసం పక్కన పెట్టిన ఖాతాలో, దాచుకున్న డబ్బుని పెన్షన్‌తో కలిపి చూడకు. న్యూయార్క్‌లో కూడా దానికి పూర్తి మినహాయింపు లేదు. 59న్నర దాటాక ఏడాదికి 20,000 డాలర్ల వరకే.

చలికాలం అయిదారు నెలలు విజయవాడలో ఉంటాం కాబట్టి ఏ రాష్ట్రానికీ కట్టక్కర్లేదని మరిది గారు అన్నారు. అది తప్పు. ఇల్లు, లైసెన్సు, ఓటు, డాక్టరు అన్నీ న్యూజెర్సీలో ఉంటే, ఇండియాలో ఎన్ని నెలలున్నా మీ కాపురం న్యూజెర్సీదే.

మారిన సంవత్సరం రెండు రాష్ట్రాల్లోనూ పార్ట్ ఇయర్ రిటర్న్, అంటే అక్కడున్న నెలల వరకు రిటర్న్, వేయాలి. పెన్షన్‌లోంచి న్యూజెర్సీ పన్ను కోయకపోతే మీరే ఏడాదికి నాలుగు విడతలుగా అంచనా పన్ను కట్టుకోవాలి. మొదటిది ఏప్రిల్ 15. తర్వాత జూన్, సెప్టెంబర్, మళ్ళీ జనవరి. మర్చిపోతే పెనాల్టీ వేస్తారు.

మీ పోయినేడాది రిటర్న్ కాపీ పంపు. సోషల్ సెక్యూరిటీ నంబర్లు కొట్టేసి పంపు సుమా. నీ పెన్షన్ అంచనా కాగితం కూడా పెడితే, ఆదివారం ఫోన్‌లో ముగ్గురం కూర్చుని మూడు రాష్ట్రాలకీ లెక్క వేద్దాం.

ఆశీస్సులతో,
అక్క