ఇస్లామిక్ బ్యాంకింగ్ కోర్సు ఇప్పుడే చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడు ఇస్లామిక్ బ్యాంకుల్లో ఉద్యోగాలున్నాయంటున్నాడు. ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు చేస్తే చాలా? ముస్లిం కాకపోతే తీసుకుంటారా?

జవాబు: ఆ కోర్సు ఒక్కటే చాలదు. మతం మాత్రం అడ్డు కాదు. ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) చదివిన పండితులు కావలసింది, బ్యాంకు లావాదేవీలు ఇస్లామిక్ నియమాల ప్రకారం ఉన్నాయో లేదో చూసే షరియా బోర్డుకే. ఆపరేషన్స్, క్రెడిట్, లీగల్ విభాగాలకు ఆ షరతు లేదు.

మన దేశంలో ఈ చదువుతో బ్యాంకు ఉద్యోగం రాదు. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం, సెక్షన్ 8 ప్రకారం బ్యాంకు సరుకుల వ్యాపారం చేయకూడదు. వడ్డీకి అప్పివ్వని ఇస్లామిక్ బ్యాంకు చేసేదే అది. రిజర్వు బ్యాంకు కూడా ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లేది లేదని 2017లో తేల్చేసింది.

ఉదాహరణకు మురాబహా పద్ధతిలో కారు. వడ్డీ నిషిద్ధం కాబట్టి బ్యాంకు డబ్బు అప్పివ్వదు. 60,000 దిర్హమ్‌లకు కారు తనే కొని, 12,000 లాభం కలిపి, అసలు ధర చెప్పి మరీ 72,000కు అమ్ముతుంది. నెలకు 2,000 చొప్పున 36 వాయిదాలు. ముందు కస్టమర్ కొంటానని మాటిస్తాడు, తర్వాత బ్యాంకు డీలరు దగ్గర కొని స్వాధీనం చేసుకుంటుంది, ఆ తర్వాతే అమ్మకపు ఒప్పందం. తప్పులు దొర్లేది ఈ వరుసలోనే. డీలరు ఇన్వాయిస్ కంటే అమ్మకపు ఒప్పందం తేదీ ముందుంటే, బ్యాంకు తనది కానిది అమ్మినట్టు. షరియా ఆడిట్‌లో అది పట్టుబడితే ఆ 12,000 లాభం దానధర్మాల ఖాతాకు పోతుంది. వాయిదా ఆలస్యమైనా ధర పెంచకూడదు. జరిమానా వసూలు చేసినా దానానికే.

చట్టం దేశానికో రకం. మలేసియాలో కేంద్ర బ్యాంకు షరియా సలహా మండలి తీర్పు 2009 చట్టం ప్రకారం కోర్టులకు శిరోధార్యం. యూఏఈలో, ఇస్లామిక్ ఫైనాన్స్‌కు అకౌంటింగ్, షరియా ప్రమాణాలు రూపొందించే బహ్రెయిన్ సంస్థ అయోఫీ ప్రమాణాలు 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. ఇంగ్లండ్‌లో పరిస్థితి వేరు. షామిల్ బ్యాంక్ కేసులో, ఒప్పందంలో షరియా ప్రస్తావన ఉన్నా వర్తించేది ఇంగ్లిష్ చట్టమేనని 2004లో అప్పీలు కోర్టు చెప్పింది. అందుకే ఒప్పందం రాసేటప్పుడు ఏ దేశపు చట్టం వర్తిస్తుందో చెప్పే క్లాజును అంత జాగ్రత్తగా చూస్తారు.

మీ అమ్మాయి ముందు కాంట్రాక్టు చట్టం, వస్తు విక్రయ చట్టం, అకౌంట్స్ గట్టిగా చదవాలి. తర్వాత ఇక్కడే ఏదైనా బ్యాంకులో క్రెడిట్ లేదా ట్రేడ్ ఫైనాన్స్ విభాగంలో రెండేళ్లు పనిచేయాలి. యూఏఈ బ్యాంకులు స్థానికులకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలి కాబట్టి, అనుభవం లేని విదేశీయులకు అక్కడ అవకాశాలు బాగా తక్కువ. అనుభవం వచ్చాక అకౌంట్స్ వైపైతే అయోఫీ వారి సీఐపీఏ (ఇస్లామిక్ అకౌంటెంట్ సర్టిఫికెట్), ఆడిట్ వైపైతే సీఎస్‌ఏఏ (షరియా సలహాదారు, ఆడిటర్ సర్టిఫికెట్) పరీక్ష రాయవచ్చు. పీజీ చేయాలనుకుంటే కౌలాలంపూర్‌లో ఇన్సీఫ్ అనే ఇస్లామిక్ ఫైనాన్స్ విశ్వవిద్యాలయం ఉంది.

ఆన్‌లైన్ కోర్సుకు ఫీజు కట్టేముందు మీ తమ్ముడిని అక్కడి బ్యాంకుల ఉద్యోగ ప్రకటనలు పది పంపమనండి. ఆ సర్టిఫికెట్ పేరు ఒక్కదాంట్లోనూ కనబడకపోతే ఆ డబ్బు దాచి, అయోఫీ పరీక్షకు వాడండి.