స్కానర్ లేకుండా, ఫండ్ లేకుండా వరంగల్ నుంచి పిల్లల మెదడు, మనసు మీద పరిశోధన మంచి జర్నల్‌లో వస్తుందా?

అడిగినవారు హనుమకొండలో ఉండి పీహెచ్‌డీ చేస్తున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లల్లో వర్కింగ్ మెమరీకి (విన్నదాన్ని కాసేపు మనసులో పట్టుకుని దానితో పనిచేసే శక్తికి), చదవడం నేర్చుకోవడానికి ఉన్న సంబంధం వారి అంశం. ఎమ్మారై అందుబాటులో లేదు, ప్రాజెక్టు డబ్బు లేదు. డెవలప్‌మెంటల్ సైకాలజీ, కాగ్నిటివ్ న్యూరోసైన్స్ జర్నళ్లు ఇలాంటి పేపర్ తీసుకుంటాయా అన్నది ఒక ప్రశ్న. డబ్బు కడితే నెలలో స్కోపస్ (పరిశోధన జర్నళ్ల అంతర్జాతీయ సూచిక) పేపర్ వేయిస్తామని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లను నమ్మొచ్చా అన్నది రెండోది.

రెండోదానికి జవాబు చిన్నదే కాబట్టి ముందు చెప్పేస్తాను. వద్దు. ఏ నిజమైన జర్నల్ కూడా రివ్యూ (ఆ రంగంలోని వేరే పరిశోధకులు పేపర్‌ను పరిశీలించడం) కాకముందే పేపర్ వస్తుందని మాట ఇవ్వదు. పైగా 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ వేయాలన్న షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా అడుగుతోందో లేదో ఆఫీసులో కనుక్కోండి, అడిగితే రాతపూర్వకంగా చూపించమనండి. యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా, అంటే యూజీసీ కేర్‌ను కూడా 2025లో ఆపేశారు. ఇప్పటికీ "కేర్ లిస్టెడ్" అని ప్రకటన ఇస్తున్నవాళ్లను అక్కడితోనే పక్కన పెట్టొచ్చు. నాకు తెలిసిన ఒక స్కాలర్ ఇలాంటి ఏజెన్సీకి డబ్బు కట్టారు. పేపర్ వచ్చిన వెబ్‌సైట్ అసలు జర్నల్‌ది కాదు, దాని పేరు, నంబరు పెట్టుకుని నడుపుతున్న నకిలీది. ఆ పేపర్‌ను వెనక్కి తీసుకుని ఇంకోచోట వేసుకునే దారి కూడా లేకుండా పోయింది. రెండేళ్లు బడుల చుట్టూ తిరిగి తెచ్చుకున్న డేటా అది. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

ఇక మొదటి ప్రశ్న. తీసుకుంటాయి. నేను పరకాల, నర్సంపేట, ములుగు వైపు బడుల్లోనే పనిచేశాను, ఆ పని పేపర్లుగా వచ్చింది, ఇప్పుడు అప్పుడప్పుడు వేరేవాళ్ల పేపర్లకు రివ్యూలు కూడా రాస్తుంటాను. ఆ అనుభవంతో గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. డేటా మొత్తం తీసుకున్నాక జర్నల్ వెతకడం మొదలుపెట్టకండి. డేటాకు ముందే పేపర్ సగం రాసి రివ్యూకు పంపండి.

దీన్ని రిజిస్టర్డ్ రిపోర్ట్ అంటారు. 2013లో కార్టెక్స్ జర్నల్‌లో క్రిస్ ఛాంబర్స్ మొదలుపెట్టారు. పరిచయం, ప్రశ్న, పద్ధతి, ఎంతమంది పిల్లలు, లెక్కలు ఎలా చేస్తారు, ఇంతవరకు రాసి పంపుతారు. రివ్యూయర్లు దాన్ని చూసి మార్పులు చెబుతారు. అవి కుదిరాక "సూత్రప్రాయంగా అంగీకారం" ఇస్తారు. ఆ తర్వాత చెప్పినట్టే పని చేసి, ఫలితం ఏదొచ్చినా రాసి పంపితే అచ్చువేస్తారు. 2021లో షీల్, లేకన్స్ బృందం లెక్క తీస్తే మామూలు సైకాలజీ పేపర్లలో 96 శాతం తాము అనుకున్నదే తేలిందని చెప్పాయి. రిజిస్టర్డ్ రిపోర్టుల్లో అది 44 శాతమే. అంటే "సంబంధం ఏమీ కనబడలేదు" అన్న ఫలితానికి కూడా ఇక్కడ చోటుంది. పెద్ద ల్యాబ్ పేరు లేని మనలాంటివాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. ఇంకో లాభం, తప్పు టాస్క్ ఎంచుకుంటే డేటా తీసుకోకముందే ఎవరో ఒకరు పట్టుకుంటారు. మీ గైడ్‌గారికి ఈ విభాగంలో పట్టు లేకపోయినా ఆ లోటు కొంత తీరుతుంది.

డెవలప్‌మెంటల్ సైన్స్ లాంటి జర్నళ్లు ఇవి తీసుకుంటాయి. నేనైతే ముందు ఇలాంటి పేపర్లకు రివ్యూ చేయించే పీర్ కమ్యూనిటీ ఇన్ రిజిస్టర్డ్ రిపోర్ట్స్ అనే వేదికను చూడమంటాను. 2021లో మొదలైంది, రివ్యూకు రూపాయి తీసుకోరు. అక్కడ పాసైన పేపర్‌ను మళ్లీ రివ్యూ లేకుండానే తీసుకునే జర్నళ్లు కొన్ని ఉన్నాయి, కార్టెక్స్ వాటిలో ఒకటి. ఒక చిన్న సారాంశం ముందు పంపితే రివ్యూయర్లను తేదీతో సహా కుదిర్చిపెట్టే పద్ధతి కూడా ఉంది. మన బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి చలికాలంలోనే ఆ సారాంశం వెళ్లిపోవాలి. దసరా సెలవులు, పత్తి తీసే రోజులు, మేడారం జాతర ఉన్న ఏడాది అయితే ఆ వారం, ఇవన్నీ పద్ధతి విభాగంలోనే రాసేయండి. రెండోసారి టెస్ట్ చేయడానికి వెళ్లేసరికి సగం మంది అమ్మానాన్నలతో చేలల్లో ఉంటే, ఆ పిల్లలు ఎందుకు రాలేదో రివ్యూయర్ తప్పకుండా అడుగుతారు.

ఇప్పుడు మీ అంశంలోకే వస్తాను, ఎందుకంటే అసలు పేపర్ నిలిచేది ఇక్కడే. వర్కింగ్ మెమరీకి మీరు అంకెల టెస్టే పెడతారనుకుంటున్నాను. అంకెలు చదివి అదే వరసలో, తర్వాత వెనక నుంచి చెప్పమనే టెస్ట్. ఇంగ్లిష్‌లో ఒకటి నుంచి తొమ్మిది దాకా పలకడానికి మొత్తం 10 అక్షరాల పలుకు చాలు. తెలుగులో లెక్కపెట్టండి, 23 వస్తాయి. ఎంత పొడవు మాటైతే మనసులో తిప్పుకోవడానికి అంత సమయం పడుతుంది, గుర్తుండే అంకెలు అంత తగ్గుతాయి. వెల్ష్, ఇంగ్లిష్ రెండూ వచ్చినవాళ్ల మీద ఎల్లిస్, హెన్నెలీ 1980లోనే దీన్ని చూపించారు. అలాంటప్పుడు మన పిల్లల స్కోరును అమెరికా నార్మ్‌ల (అక్కడి పిల్లల సగటు స్కోర్ల) పక్కన పెట్టి "జ్ఞాపకశక్తి తక్కువ" అని రాస్తే అది అన్యాయం. అలాంటి పేపర్లు నా దగ్గరికి రివ్యూకు వస్తూనే ఉన్నాయి.

పైగా మన దగ్గర పిల్లలు పుస్తకంలో ఉన్నట్టు పలకరు. ఎన్మిది అంటారు, నాల్గు అంటారు. పలుకు తగ్గిపోయింది కదా! నర్సంపేట దగ్గర ఒక బడిలో మూడో తరగతి పాపకు నేను తెలుగులో "నాలుగు, ఏడు, రెండు" అని చెప్తే, పెదవులు కదుపుతూ "ఫోర్, సెవెన్, టూ" అని గొణుక్కుని, తర్వాత నాకు తెలుగులో జవాబు చెప్పింది. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఇది ఇంకా ఎక్కువైంది. ఆ పాప స్కోరు ఏ భాష స్కోరు? మీరు ప్రతి జవాబునూ ఆడియోలో రికార్డు చేసి, పిల్లలు ఏ భాషలో తిప్పుకుంటున్నారో రాసుకుని, అంకెలు పలికే వేగాన్ని కూడా విడిగా కొలిస్తే, అది మామూలు పీహెచ్‌డీ అధ్యాయంగా మిగిలిపోదు. డెవలప్‌మెంటల్ సైన్స్ చదివేవాళ్లు ఎక్కడివాళ్లైనా ఆగి చదువుతారు. తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. ములుగు వైపు కోయ పిల్లలదీ అదే పరిస్థితి. ఈ మూడు భాషల సంగతిని "పరిమితులు" అన్న చివరి పేరాలో దాచకండి, పరిచయంలోనే పెట్టండి.

చదవడం వైపు చూసినా అంతే. ఇంగ్లిష్ పిల్లలు ఇరవై ఆరు అక్షరాలతో పని కానిచ్చేస్తారు, మనవాళ్లకు గుణింతాలు, ఒత్తులతో కలిపి వందల రూపాలు. కన్నడ పిల్లలు అక్షరాలన్నీ పట్టుకోవడానికి ఏళ్లు పడుతుందని సోనాలి నాగ్ 2007లో జర్నల్ ఆఫ్ రీసెర్చ్ ఇన్ రీడింగ్‌లో చూపించారు. మీ పనికి అది దగ్గరి చుట్టం, తప్పక చదవండి.

"ఒక్క గ్రామీణ ప్రాంతపు శాంపుల్, ఇది అందరికీ వర్తిస్తుందా?" అని రివ్యూయర్ అడుగుతారు. నన్నూ అడిగారు. దానికి కుంగిపోవద్దు, పొట్లాటకూ దిగొద్దు. 2008లో ఆర్నెట్ ఆరు అమెరికన్ సైకాలజీ జర్నళ్లను చూస్తే అందులో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లే. బోస్టన్ పిల్లల మీద చేసిన పేపర్‌ను ఎవరూ ఆ మాట అడగరు కదా అని మనసులో అనిపిస్తుంది, నిజమే. జవాబులో మాత్రం ఈ ఫలితం ఎవరికి వర్తిస్తుందని అనుకుంటున్నారో, ఎవరికి కాదో, ఎందుకో ఒక పేరా స్పష్టంగా రాయండి. పాశ్చాత్య పోలిక గుంపును తెమ్మంటే, ప్రశ్న ఇక్కడి పిల్లల మధ్య తేడాల గురించే కాబట్టి ఆ గుంపు అవసరం లేదని మర్యాదగా చెప్పొచ్చు. నా విషయంలో ఎడిటర్ ఒప్పుకున్నారు.

మన ప్రాంతమే బలమైన పనికి ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ నిమ్స్ నుంచి సువర్ణ అల్లాడి బృందం 2013లో న్యూరాలజీ జర్నల్‌లో వేసిన పేపర్ చూడండి. 648 మంది డిమెన్షియా (వయసుతో వచ్చే మతిమరుపు జబ్బు) రోగుల రికార్డులు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనబడింది. వలస వెళ్లకుండా, బడికి వెళ్లకుండా రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లు ఇంతమంది దొరకడం పాశ్చాత్య దేశాల్లో కష్టం.

స్కానర్ లేదని దిగులు పడకండి. పది ఇరవై మందిని స్కాన్ చేసి ఏదో చెప్పే రోజులు పోతున్నాయి. 2022లో నేచర్‌లో మారెక్ బృందం చూపించినదాని ప్రకారం మెదడు కొలతలను మనుషుల మధ్య తేడాలతో ముడిపెట్టాలంటే వేలమంది కావాలి. పసిపిల్లల మీద మెనీబేబీస్ అనే ఉమ్మడి పని 67 ల్యాబులు కలిసి 2,329 మందితో చేశారు, ల్యాబుకు సగటున 35 మంది. మీకు ఒక్క మండలంలోనే అంతకు ఎన్నో రెట్ల మంది బడి పిల్లలు దొరుకుతారు. టాస్క్ బాగుంటే అదే మీ బలం.

న్యూరో కావాలనే అనుకుంటే ఈఈజీ (తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ సంకేతాలను రికార్డు చేసే పద్ధతి) ఒక్కటే మనకు అందేది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది, ముందు వాళ్లకు మెయిల్ రాయండి. దీనిమీద నేను చెప్పేవి చిన్న విషయాలే, కానీ పేపర్‌ను ఇవే కాపాడతాయి. మన పిల్లలు బడికి తలకు నూనె దట్టంగా పెట్టుకుని, రెండు జడలు రిబ్బన్లతో బిగించి వస్తారు. ఎలక్ట్రోడ్ కింద నూనె పొర ఉంటే సిగ్నల్ అందదు. ముందు రోజే తలస్నానం చేయించి, నూనె పెట్టకుండా, జుట్టు వదులుగా పంపమని అమ్మలకు ఫోన్ చేసి చెప్పాలి. చీటీ పంపితే సరిపోదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా స్క్రిప్టులు చాలావాటిలో కరెంటు రొదను తీసేసే ఫిల్టర్ 60 దగ్గర ఉంటుంది, మార్చుకోండి. ఎంతమంది పిల్లల రికార్డింగులు పనికిరాకుండా పోయాయో, ఎందుకో టేబుల్‌లో చూపించండి.

డబ్బు సంగతి. డెవలప్‌మెంటల్ కాగ్నిటివ్ న్యూరోసైన్స్ పూర్తిగా ఓపెన్ యాక్సెస్, అంటే చదివేవాళ్లకు ఉచితం, అచ్చుకు రచయితే కట్టాలి, అది మన ఫెలోషిప్‌కు అందని లెక్క. పెద్ద ప్రచురణకర్తలు పేద దేశాలకు ఆటోమేటిక్‌గా ఇచ్చే మాఫీల్లో మామూలుగా ఇండియా ఉండదు. కాబట్టి చందా పద్ధతిలో నడిచే జర్నల్‌కు పంపి, ఓపెన్ యాక్సెస్ వద్దని టిక్ పెట్టండి, ఫీజు ఉండదు. జర్నల్ నియమాలు చూసుకుని, అంగీకరించిన ప్రతిని సైఆర్కైవ్ అనే ఉచిత సైకాలజీ పేపర్ల సైట్‌లో పెట్టేస్తే ఎవరైనా చదువుకోవచ్చు. ఈ ఫీజుల మీద కోపం మనకొక్కరికే కాదు. 2023లో న్యూరోఇమేజ్ ఎడిటర్లు నలభై మందికి పైగా, 3,450 డాలర్ల ఫీజు తగ్గించలేదని ఒకేసారి రాజీనామా చేసి, ఇమేజింగ్ న్యూరోసైన్స్ అని వేరే జర్నల్ పెట్టుకున్నారు. చదువుకోవడానికైతే 2025 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు తెరిచారు. మీ లైబ్రేరియన్‌ను లాగిన్ అడగండి.

ఎథిక్స్ అనుమతి మాత్రం ముందే ఉండాలి, డేటా తర్వాత ఎవరూ ఇవ్వరు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల మాట కూడా అడగాలి, పన్నెండు దాటితే రాతలో. చదువురాని అమ్మానాన్నలకు ఫారం చదివి వినిపించి, సంబంధం లేని చదువుకున్న సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. డీఈఓ అనుమతి, హెడ్‌మాస్టర్ సంతకం ఉంటే చాలని కొందరంటారు, చాలవు.

డేటాను అందరూ చూసేలా ఓఎస్‌ఎఫ్ సైట్‌లో పెట్టేటప్పుడు పేర్లు తీసేస్తే సరిపోయిందనుకోకండి. తండా పేరు, వయసు, వినికిడి సమస్య మూడూ ఒకే వరసలో ఉంటే, ఆ తండాలో అలాంటి పాప ఒక్కతే ఉంటుంది. ఊరి పేరు తీసేసి జిల్లా మాత్రం ఉంచండి, వయసును నెలల్లో కాకుండా ఏళ్లలో ఇవ్వండి.

సారాంశం ఒక పేజీ రాసుకున్నాక కింద పెట్టండి, నేను చదువుతాను. ముఖ్యంగా అంకెల టెస్ట్ ఏ భాషలో ఇస్తారో, జవాబును ఎలా మార్కు వేస్తారో ఆ రెండు పేరాలు విడమరిచి రాయండి.