తలుపేసుకుంటే వినపడదా?

ప్రశ్న: మా బాబు టెన్త్. తొమ్మిదో తరగతి దాకా లెక్కల్లో క్లాసులో మొదటి ఐదుగురిలో ఉండేవాడు, మొన్న ఎస్ఏ-1లో సగం మార్కులు కూడా రాలేదు. ట్యూషన్ సారు "తెలివుందమ్మా, ధ్యాసే లేదు" అంటున్నారు. ఇంట్లో గొడవలున్న మాట నిజమే. ఆడపడుచు పెళ్లికి చేసిన అప్పు దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోతాయి. కానీ వాడి ముందు ఎప్పుడూ అనుకోం, వాడు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాకే. మా ఆయనేమో అంతా ఫోన్ వల్లే, హాస్టల్లో వేసేద్దాం అంటున్నారు. వేయమంటారా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: వద్దమ్మా, ఇప్పుడైతే వద్దు. మీరు గొడవపడేది వాడి ముందు కూర్చుని కాకపోవచ్చు, కానీ మధ్యలో ఉన్నది నాలుగంగుళాల గోడే కదా! లోపల పుస్తకం తెరిచి కూర్చున్నవాడికి మీ మాటలన్నీ వినపడవు, గొంతు పెరగడం వినిపిస్తుంది, గిన్నె విసురుగా పెట్టిన చప్పుడు వినిపిస్తుంది, నడుమ ఎక్కడో వాడి పేరూ, ఫీజూ వినిపిస్తాయి. మిగతాదంతా వాడే అల్లుకుంటాడు, అందులో తప్పు వాడిదే అయి కూర్చుంటుంది. బ్రిటన్‌లో గోర్డన్ హెరాల్డ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది కూడా ఇదే: ఇంట్లో గొడవకు "నేనే కారణం" అనుకునే పిల్లల చదువే ఎక్కువ దెబ్బతింటోంది. అలాంటివాణ్ని తీసుకెళ్లి హాస్టల్లో దింపితే ఏమనుకుంటాడు? అనుకున్నదే నిజమైందనుకుంటాడు.

రెండోది నిద్ర. అదే ఏడాది అమెరికాలో మోనా ఎల్-షేక్ బృందం చిన్న తరగతుల పిల్లల్ని గమనించి, తల్లిదండ్రుల గొడవలు ముందు నిద్రను, ఆ నిద్ర ద్వారా చదువును పాడుచేస్తున్నాయని చూపించింది. గొడవ ఆగాక మీరిద్దరూ అలసిపోయి పడుకుంటారు, వాడు మాత్రం మళ్లీ మొదలవుతుందేమోనని కాపలా కాస్తాడు. పొద్దున త్రికోణమితి లెక్కలో మొదటి మెట్టు గుర్తుపెట్టుకుని మూడోదానికి వెళ్లాలంటే ఎలా? సోషల్ ఎలాగో బట్టీపట్టి గట్టెక్కొచ్చు, లెక్కలు అలా కుదరవు, అందుకే మీవాడి మార్కులు ముందు అక్కడ పడ్డాయని నా అనుమానం.

ఫోన్‌ను నేనేం వెనకేసుకురావట్లేదు. కానీ మీవాడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేది ఏ వేళకో ఒకసారి గమనించండి.

అప్పు ఉన్న ఇంట్లో గొడవ లేకుండా ఉండమని చెప్పేంత అమాయకత్వం నాకు లేదు. డబ్బు మాటలు వాడు స్కూల్లో ఉన్నప్పుడు, ఆదివారం ఇంటి బయట పెట్టుకోండి, రాత్రి భోజనాలయ్యాక మాత్రం ఆ ఊసే వద్దు. ఇద్దరూ కలిసి కూర్చుని వాడికి విషయం చెప్పండి: ఇంత అప్పుంది, మేం తీరుస్తాం, నీ వల్ల వచ్చింది కాదు, నీ ఫీజు ఆగదు. పదిహేనేళ్లవాడు, అర్థమవుతుంది. "మీ నాన్నకు చెప్పు అన్నం తినమని" అంటూ వాణ్ని టపా మోసేవాణ్ని చేయకండి, మాటలు మానేసిన ఇల్లు అరుపుల ఇంటికంటే ఏం తక్కువ కాదు. ఎప్పుడైనా వాడు విన్నాడంటే, రాజీ పడ్డ సంగతి కూడా వాడి కంటపడాలి. క్లాస్ టీచర్‌కు వివరాలన్నీ అక్కర్లేదు, ఇంట్లో కాస్త టెన్షన్‌గా ఉందని చెబితే చాలు.

మీరు రాయలేదు గానీ అడగక తప్పదు: చేయి చేసుకోవడం దాకా వెళుతోందా? అయితే ఈ సలహాలు పక్కన పెట్టి మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, పిల్లలకైతే 1098 ఉంది. బాబు మరీ ముభావంగా ఉంటున్నాడనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మార్చి పరీక్షల దాకా ఆగి చూద్దాం అనుకోకండి. అలాగని ప్రీ ఫైనల్ మార్కులు చూసి నాకు ఉత్తరం రాయకండి, అంత త్వరగా పెరగవు. వాడు రాత్రి ఎన్నింటికి నిద్రపోతున్నాడో ఒక పదిహేను రోజులు చూసి, అది రాయండి.