వెంట్రుకల్లేని గొంగళిపురుగు

సందేహం: ఇంటి వెనక బీడులో జిల్లేడు మీద తెలుపు, నలుపు, పసుపు పట్టీల పురుగు కనిపించింది. మా అమ్మాయి ప్రాజెక్టులో దాన్ని గొంగళిపురుగు అనీ, తర్వాత ‘గూడు కట్టుకుంది’ అనీ రాసింది. ఒంటిమీద వెంట్రుకే లేనిది గొంగళి ఎలా అవుతుందని మా మామగారు అంటున్నారు. ఏది సరి? ఇంతకీ అది ఏ సీతాకోకచిలుక?

సమాధానం: మామగారి మాటలో పస ఉంది. గొంగళి అంటే గొర్రెబొచ్చుతో నేసిన కంబళి, తెలంగాణలో గొంగడి. ఒళ్లంతా బొచ్చున్న పురుగుకి పెట్టిన పేరది, కంబళిపురుగు అనేదీ అందుకే. రైతులు ఆ తేడా ఇప్పటికీ పాటిస్తారు, వేరుశనగని తినే బొచ్చుపురుగు ఎర్ర గొంగళిపురుగు, నున్నగా ఉండేవేమో లద్దెపురుగు, పచ్చపురుగు, దాసరిపురుగు. కానీ బడి పుస్తకాల్లో సీతాకోకచిలుకగా మారబోయే పురుగు ఏదైనా గొంగళిపురుగే అయి కూర్చుంది, జనం నోట్లోనూ అంతే. ఇప్పుడు వెంట్రుకలు వెతకడమంటే గొంగట్లో తింటూ బొచ్చు ఏరుకోవడమే.

గూడు మాత్రం దిద్దాల్సిందే. పట్టుపురుగు దారం తీసి తన చుట్టూ అల్లుకునేది గూడు, హిందూపురం మార్కెట్లో అమ్మే పట్టుగూళ్లు అవే. మీ జిల్లేడు పురుగు అలాంటిదేమీ అల్లదు. ఏ ఆకు కిందో కాస్త పట్టుదారం అంటించి, దానికి వెనక కొస తగిలించుకుని తలకిందులుగా వేలాడి, పాత చర్మం వదిలేస్తుంది. లోపల్నుంచి బయటపడే ఆకుపచ్చ రూపమో, గులాబీరంగు రూపమో, అదే ప్యూపా. అది దాని ఒళ్లే, ఇల్లు కాదు. ‘ప్యూపాగా మారింది’ అని రాయమనండి చాలు. వ్యవసాయ పుస్తకాల్లో ‘కోశస్థ దశ’ అని ఉంటుంది కానీ, పిల్లలకి ఎందుకా టెన్షన్!

ఇక పోలిక. వీపుమీద మూడు జతల నల్లటి, మెత్తటి కొమ్ముల్లాంటివి ఉంటే అది ప్లెయిన్ టైగర్, 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ పేరుపెట్టిన జాతి. గుడ్లు ఒక్కొక్కటిగా ఆకుకి అంటిస్తుంది, వెచ్చటి రోజుల్లో అక్కణ్నుంచి రెక్కలొచ్చేదాకా సుమారు నెల. పురుగుగా తిన్న జిల్లేడు విషం ఒంట్లోనే ఉండిపోతుంది కాబట్టి ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ జోలికి రాదు. నారింజ రెక్కలు, ముందు రెక్క కొసన నలుపులో తెల్లమచ్చలు, వెనక రెక్క మధ్యలో మూడో నాలుగో నల్లచుక్కలు (నాలుగుంటే మగది). ఈనెలు కూడా నల్లగా, లావుగా ఉంటే స్ట్రైప్డ్ టైగర్ అన్నమాట. మధ్యలో ఆ చుక్కలు లేకపోతే మోసపోకండి, అది ప్లెయిన్ టైగర్ వేషం కట్టిన ఆడ డెనాయిడ్ ఎగ్‌ఫ్లై. దాని పురుగు తినేది జిల్లేడు కాదు, మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర.