పిల్లాడి చేతికి ఆ సీసా ఎవరిచ్చారు?

పోయిన సంచికలో ఇంటర్ పిల్లల చదువు టెన్షన్ గురించి రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చదువు గురించి కాదు, మందు గురించి ఉన్నాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. పేర్లు వేయొద్దని అందరూ అడిగారు, వేయడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. దసరాకి ఇంటికొచ్చినప్పుడు ఒక రాత్రి నోరు వాసన కొట్టింది. నిలదీస్తే "బీరేగా అమ్మా" అన్నాడు. ఎక్కడిదంటే మా వీధి చివర కిరాణా కొట్టులోదట. పాల ప్యాకెట్లతో పాటు అక్కడ మందు కూడా దొరుకుతుందని ఊరందరికీ తెలుసు. మా ఆయనేమో "మగపిల్లాడు, ఈ వయసులో మామూలే, రచ్చ చేయకు" అంటున్నారు. కొట్టు ఊరి పెద్దమనిషి బంధువుది. కంప్లయింట్ ఇస్తే మావాడి పేరు బయటపడుతుందని భయం. ఏం చేయమంటారు? – ఒక తల్లి, సూర్యాపేట జిల్లా

అమ్మా, ముందు పిల్లాడి సంగతి, తర్వాత కొట్టు సంగతి. వాడు మీకు నిజం చెప్పాడు, అది చిన్న విషయం కాదు, దాన్ని పోగొట్టుకోకండి. కొట్టొద్దు, తల మీద చేయి పెట్టించుకుని ఒట్టు వేయించుకోవద్దు. ఒట్టు వేసిన పిల్లాడు మళ్లీ తాగితే ఈసారి దాస్తాడు, అంతకు మించి ఏమీ మారదు. ఎప్పుడు మొదలైంది, ఎవరితో కలిసి, డబ్బులు ఎక్కడివి అన్నవి ఒక్కొక్కటిగా అడగండి, అది కూడా ఎదురుగా కూర్చోబెట్టి కాదు, అన్నం తినేటప్పుడో బండి మీద వెళ్లేటప్పుడో. ఒకటి రెండుసార్లు కాదు, అలవాటు అయిపోయిందని అనిపిస్తే 14446కి ఫోన్ చేయండి, అది మత్తు అలవాట్ల కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. వాడు దిగులుగా ఉంటున్నా, నిద్ర పట్టడం లేదన్నా 14416 టెలీమానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక "మామూలే" అన్న మాట. మీ ఆయనకి ఈ పేజీ చూపించండి. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ వాళ్లతో చేయించి 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మందు తాగేవాళ్లు 1.3 శాతం అని తేలింది. అంటే నూటికి తొంభై ఎనిమిది మంది తాగడం లేదు. మరి మామూలు ఎలా అవుతుంది? అమెరికాలో 1990ల్లో దాదాపు 43 వేల మందిని అడిగి చూసిన సర్వేలో పద్నాలుగేళ్లకో అంతకు ముందో మొదలుపెట్టినవాళ్లలో నలభై శాతానికి పైగా జీవితంలో ఏదో ఒక దశలో తాగుడుకు బానిసలయ్యారు, ఇరవై దాటాక మొదలుపెట్టినవాళ్లలో అది పది శాతం దగ్గరే ఆగింది. పదహారుకీ ఇరవై ఒకటికీ మధ్య ఉన్న ఆ అయిదేళ్లు గట్టెక్కించడమే ఇప్పుడు మీ ఇద్దరి పని.

కొట్టు సంగతికి వస్తే, నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఇరవై రెండేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పాను. ఒక సోమవారం ఎనిమిదో తరగతి పిల్లాడు వాటర్ బాటిల్ మూత తీస్తే క్లాసంతా వాసన. ఆకుపచ్చ ప్లాస్టిక్ బాటిల్, అడుగున రెండు వేళ్ల ఎత్తు ఉంటుంది, నీళ్లు కలిపి రంగు పలచబడిపోయింది. స్టాఫ్ రూమ్‌లో అందరం కూర్చుని "మిగతావాళ్లు చెడిపోతారు" అని మూడు రోజుల్లో టీసీ చేతిలో పెట్టాం. వాళ్ల నాన్న కోసం రోజూ సాయంత్రం బెల్టు షాపుకి వెళ్లి క్వార్టర్ తెచ్చేది వాడేనని, దారిలో మూత తిప్పి కొంచెం కొంచెం ఒంపుకునేవాడని మాకు ఆ తర్వాత తెలిసింది. అమ్మినవాడిని ఎవరూ అడగలేదు, పంపిన తండ్రిని అడగలేదు, పదమూడేళ్ల పిల్లాడిని మాత్రం ఊరు దాటించాం. ఆ రోజు నేనూ సంతకం పెట్టాను. అది గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు. మీ అబ్బాయి పేరు బయటపడుతుందని మీరు భయపడుతున్నారు చూడండి, ఆ కొట్టువాడికి ధైర్యం ఆ భయమే. ఆ వీధిలో ఇంకో నలుగురు తల్లులు ఇదే భయంతో ఇదే సంగతి దాస్తుంటారు, ఒకసారి కదిపి చూడండి.

చట్టం మీవైపే ఉంది. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదు. బెల్టు షాపుకైతే అసలు లైసెన్సే లేదు, అక్కడ ఎవరికి అమ్మినా తప్పే. పద్దెనిమిది లోపు పిల్లలకి మందు ఇచ్చినా ఇప్పించినా 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పిల్లలతో మందు అమ్మించినా మోయించినా 78వ సెక్షన్, అదే శిక్ష.

కానీ ఒంటరిగా వెళ్లకండి. మీ డ్వాక్రా గ్రూపులో మాట్లాడి, గ్రామ సంఘం మీటింగ్‌లో "మన ఊళ్లో లైసెన్సు లేకుండా మందు అమ్ముతున్నారు, పిల్లలకి కూడా ఇస్తున్నారు" అని తీర్మానం రాయించండి. కొట్టు పేరు రాయండి, పిల్లాడి పేరు ఎక్కడా అవసరం లేదు, కేసులో ఉన్న పిల్లల పేరు, ఫొటో బయటపెట్టకూడదని ఆ చట్టంలోనే ఉంది. ఆ కాగితం ఒకటి ఎక్సైజ్ సీఐకి, ఒకటి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కి ఇచ్చి, రసీదు తప్పకుండా తీసుకోండి. రసీదు లేని ఫిర్యాదు గాలికి పోతుంది, ఇది నేను చాలాసార్లు చూశాను. ఖాళీ సీసాలు దొరికితే పారేయొద్దు. సీసా మూత దగ్గర ఎక్సైజ్ లేబుల్ ఉంటుంది, ఆ సరుకు ఏ లైసెన్సు షాపు నుంచి వచ్చిందో దాన్ని బట్టి అధికారులు పట్టుకోగలరు. బెల్టు షాపుకి సరుకు ఆకాశం నుంచి ఊడిపడదు కదా, ఏదో వైన్స్ నుంచి పెట్టెలు పెట్టెలుగా వస్తుంది.

ఇంకో సంగతి, పంచాయతీలో గ్రామ బాలల సంరక్షణ కమిటీ అని ఒకటి ఉండాలి. సర్పంచి, అంగన్‌వాడీ టీచర్, స్కూలు నుంచి ఒకరు ఉంటారు. చాలా ఊళ్లలో అది రిజిస్టర్‌లోనే ఉంటుంది. మీ ఊళ్లో ఆఖరిసారి ఎప్పుడు కూర్చుందో అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి, అడిగితేనే కదులుతుంది.

ప్రశ్న: నేను వారాంతాల్లో ఇంట్లోనే తాగుతాను. మా అబ్బాయికి పదిహేడు. బయట ఎక్కడో తాగి ప్రమాదంలో పడేకంటే నా కళ్ల ముందు ఒక పెగ్గు అలవాటు చేస్తే మంచిది కదా? విదేశాల్లో అలాగే చేస్తారట. – ఒక తండ్రి, గుంటూరు

వద్దు సార్. మీ మనసులో ఉన్నది ప్రేమే, కానీ దారి తప్పు. ఇంట్లో ఇచ్చిన పెగ్గు బయట తాగే పెగ్గుకి అడ్డుకట్ట కాదు, అనుమతి. "మా నాన్నే ఇస్తాడు" అన్న మాట వాడి ఫ్రెండ్స్ దగ్గర ఎంత గొప్పగా పనిచేస్తుందో మీరు ఊహించగలరు. పైగా పైన చెప్పిన 77వ సెక్షన్‌లో "తండ్రి తప్ప" అని ఎక్కడా లేదు. వాడి ముందు తాగడం మానేయండి, ఫ్రిజ్‌లో పెట్టడం మానేయండి, సోడా తెమ్మని వాడిని పంపడం ఇవాళే ఆపేయండి. మీరు మానేయగలిగితే అంతకన్నా మంచి సంగతి లేదు, కానీ మీరు అడిగింది అది కాదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

ప్రశ్న: నేను వైన్ షాపులో పనిచేస్తాను. గడ్డం పెంచుకుని వస్తారు, వయసెంతో ఎలా తెలుస్తుంది? అడిగితే గొడవకి వస్తారు. – విజయవాడ దగ్గర నుంచి

అడిగే హక్కు నీకుంది బాబూ. అనుమానం వస్తే ఆధార్ చూపించమను, ఫోన్‌లో ఉన్నా చాలు. "ఇరవై ఒకటి లోపు వాళ్లకి అమ్మం, కార్డు చూపించాలి" అని కౌంటర్ మీద పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టమని ఓనర్‌తో చెప్పు, అప్పుడు గొడవ నీ మీదికి కాకుండా బోర్డు మీదికి పోతుంది. లైసెన్సు ఓనర్‌ది అయినా సీసా అందించే చెయ్యి నీదే. నువ్వు ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ప్రశ్న: మీరు తీర్మానాలు, ఫిర్యాదులు అంటున్నారు. ప్రభుత్వానికి ఆదాయం మందు మీదే. వాళ్లెందుకు ఆపుతారు? ఎక్కడైనా ఇది నిజంగా జరిగిందా? – ఒక టీచర్, విశాఖపట్నం

జరిగింది మాస్టారూ, మన దగ్గరే జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం కింద ప్రభుత్వమే రాత్రిబడులు పెట్టింది, ఆడవాళ్లు పగలంతా కూలికి పోయి రాత్రి లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. ఆ వాచకంలో తాగుడు వల్ల చితికిపోయిన ఒక సంసారం గురించి పాఠం ఉంది. చదివినవాళ్లు "ఇది మన కథే" అనుకుని సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అలాగే ఊరూరా తెలిసింది. తర్వాత జిల్లాలో సారా కొట్ల వేలంపాటలు జరగనివ్వలేదు, వేలం మళ్లీ మళ్లీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరులో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. గుర్తుంచుకోండి, పుస్తకం ఇచ్చింది ప్రభుత్వం, కొట్టుకి తాళం వేసింది ఊరి ఆడవాళ్లు, ఆ సారా మీద ఆదాయం తీసుకుంటున్నదీ అదే ప్రభుత్వం. అదే ప్రభుత్వంలో రెండు చేతులు వేరు వేరుగా పనిచేస్తాయి, మనం ఏ చేతిని పట్టుకుంటామన్నదే ముఖ్యం. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తేశారు, నిజమే. కానీ నేను సంపూర్ణ నిషేధం అడగడం లేదు, ఇరవై ఒకటి అని ప్రభుత్వం తనే రాసుకున్న రూలు అమలు చేయమంటున్నాను.

పిల్లల విషయంలో నేను అందరికీ చెప్పే ఉదాహరణ ఐస్‌లాండ్. నాలుగు లక్షల మంది కూడా లేని దేశం, మనకీ వాళ్లకీ పోలికేంటి అంటారేమో, వినండి. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో గత నెలలో తాగి మత్తెక్కినవాళ్లు 42 శాతం. 2016కి అది 5 శాతానికి పడిపోయింది. ఏం చేశారంటే, ప్రతి స్కూల్లో పిల్లలనే సర్వే చేసి, ఆ స్కూలు లెక్క ఆ స్కూలుకే కొన్ని నెలల్లో ఇచ్చేవారు, "మీ వీధి పిల్లలు ఇలా ఉన్నారు" అని. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు చలికాలంలో రాత్రి పది దాటాక ఒంటరిగా బయట తిరగకూడదని రూలు పెట్టారు. తల్లిదండ్రులు "మా ఇంట్లో పెద్దవాళ్లు లేకుండా పార్టీ జరగనివ్వం" అని కలిసి సంతకాలు చేశారు, శని ఆదివారం రాత్రుళ్లు వంతులవారీగా వీధుల్లో నడిచారు. ఇదంతా ఒకెత్తు. రాజధాని రెక్యావిక్‌లో నగరపాలక సంస్థ ఆటలకో సంగీతానికో ఖర్చుపెట్టుకోమని ప్రతి పిల్లవాడికీ ఏటా డబ్బిచ్చింది. నాకు అన్నింటికన్నా నచ్చింది ఇదే. మనం పిల్లలకి "తాగకు" అని చెప్తాం, సాయంత్రం అయిదు తర్వాత ఏం చేయాలో చెప్పం. మా స్కూలు గ్రౌండ్‌కి అయిదింటికి తాళం పడేది. పిల్లలు గోడ దూకి లోపలికొచ్చి ఆడుకునేవారు, మేం తరిమేసేవాళ్లం, గ్రౌండ్‌లోంచి పోయినవాళ్లు చెరువు కట్ట మీద తేలేవారు, అక్కడే సీసాలు. మాస్టారూ, మీ స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ జరిగినప్పుడు మార్కుల గురించి మాట్లాడాక పది నిమిషాలు దీనికి ఇవ్వండి. గ్రౌండ్ ఏడు వరకు తెరిచి ఉంచడానికి ఇద్దరు తల్లిదండ్రులు వంతు తీసుకుంటారేమో అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఇంతవరకు వాళ్లని ఎవరూ అడగలేదు అంతే.

ప్రశ్న: మాది పాడేరు వైపు గిరిజన గ్రామం. మా గ్రామసభకి దీనిమీద అధికారం ఉందా?

ఉంది, మిగతా ఊళ్ల కంటే మీకే ఎక్కువ ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకీ తగిన స్థాయి పంచాయతీకీ ఉండేలా చూడాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. తీర్మానం తెలుగులో, తేదీతో రాసి, సంతకం రానివాళ్ల వేలిముద్రలు కూడా వేయించి ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసర్‌కి ఇవ్వండి.

ప్రశ్న: అత్తా, నేను తొమ్మిదో తరగతి. మా నాన్న రోజూ రాత్రి మా తమ్ముడిని మందు తెమ్మని పంపిస్తాడు. వాడికి పదకొండేళ్లు. వెళ్లనంటే ఇద్దర్నీ కొడతాడు. అమ్మకి చెప్తే ఏడుస్తుంది. – పేరు వద్దు

తల్లీ, నీ ఉత్తరం వచ్చినరోజే నీకు జవాబు రాయాలనిపించింది, అడ్రసు లేదు. ఇందులో నీ తప్పు, తమ్ముడి తప్పు, అమ్మ తప్పు ఏమీ లేదు. 1098 అని ఒక నంబరు ఉంది, పిల్లల కోసమే, ఏ ఫోన్ నుంచైనా డబ్బులు పడవు, రాత్రి కూడా తీస్తారు. కొడుతున్నప్పుడైతే 112కి చేయి. ఇంట్లో ఫోన్ దొరక్కపోతే, నోటితో చెప్పడానికి సిగ్గుగానో భయంగానో ఉంటే, ఈ పేజీ ఇక్కడికి చింపి నీకు బాగా నచ్చే టీచర్ చేతిలో పెట్టి, "చివరి ప్రశ్న నాదే మేడమ్" అని మాత్రం చెప్పు.

ఆ పేజీ అందుకునే మేడమ్, మీకు: తండ్రిని పిలిపించి నలుగురిలో కేకలు వేయకండి, ఆ రాత్రి దెబ్బలు పిల్లలకే పడతాయి. ముందు 1098కి మీరే ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఆ ఇద్దరి పక్కనే ఉండండి.