అఫ్గాన్ ఆడపిల్లల బడికి మన డబ్బు పంపొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. మేం కొందరం రిటైరైన టీచర్లం, అంతా ఒకే కాలనీలో ఉంటాం. తలా కాస్త వేసుకుని అఫ్గానిస్తాన్‌లో యుద్ధంలో కూలిపోయిన ఆడపిల్లల బడి ఒకటి కట్టించాలని అనుకున్నాం. మా అబ్బాయేమో "ఆరో తరగతి దాటితే ఆడపిల్లల్ని రానివ్వట్లేదు, బడి కట్టి ఏం లాభం, ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతుందో" అంటున్నాడు. వదిలేద్దామంటే మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: పంపండి టీచర్‌గారూ. కాకపోతే బిల్డింగ్ సంగతి పక్కన పెట్టి, టీచర్ జీతానికీ పుస్తకాలకీ పంపండి.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. 2021లో తాలిబన్లు మళ్లీ వచ్చాక హైస్కూళ్లు మగపిల్లలకే తెరిచారు. 2022 మార్చి 23న ఆడపిల్లలకీ తెరుస్తున్నామన్నారు, పాపం పిల్లలు సంబరంగా వచ్చి క్లాసుల్లో కూర్చున్నారు, కొన్ని గంటలకే ఇళ్లకు పొమ్మన్నారు. ఆ డిసెంబరులో యూనివర్సిటీలూ మూసేశారు. హైస్కూలు చదువు ఇలా ఆగిపోయిన ఆడపిల్లలు కనీసం 14 లక్షల మందని యునెస్కో 2024లో చెప్పింది. ఇది రాస్తుంటేనే కడుపు రగిలిపోతోంది. అయితే ఆరో తరగతి వరకు అనుమతి ఉంది, ఆ ఆరేళ్ల చదువైనా అందని ఊళ్లు కొండల్లో చాలా ఉన్నాయి, మీ డబ్బుకి పని ఉన్నది అక్కడ.

బిల్డింగ్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. 2001లో తాలిబన్లు దిగిపోయాక, 2002 మార్చిలో యునిసెఫ్ సాయంతో బడులు తెరిస్తే సుమారు 30 లక్షల మంది పిల్లలొచ్చారు, చాలాచోట్ల టెంట్లలోనూ ఆరుబయటా కూర్చుని చదివారు. ఆ తర్వాత విదేశాల డబ్బు పారింది, భవనాలు లేచాయి. కానీ లేడీ టీచర్ లేక, ప్రహరీ లేక, బాత్‌రూమ్ లేక, పదేళ్లు దాటిన పిల్లని ఇంట్లోవాళ్లు పంపని చోట్లెన్నో. మన జిల్లా పరిషత్ స్కూళ్లలో బాత్‌రూమ్ లేక పెద్దపిల్లలు మానేయడం సర్వీసులో మీరూ చూసే ఉంటారు.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. ఘోర్ అనే ప్రావిన్స్‌లో 31 ఊళ్లు తీసుకుని, కొన్ని ఊళ్లలో ముందుగా, మిగతావాటిలో ఏడాది తర్వాత బడి పెట్టి, తేడా ఎంతో ఇద్దరు అమెరికా పరిశోధకులు లెక్క తీశారు. ఊళ్లోనే బడి ఉంటే బడికెళ్లే ఆడపిల్లల శాతం 52 పాయింట్లు పెరిగింది, మగపిల్లలకీ వాళ్లకీ ఉన్న తేడా దాదాపు పోయింది. ఆ బడికి ప్రత్యేకంగా భవనమేమీ ఉండదండి. మసీదులోనో ఎవరింట్లోనో ఒక గది, కింద చాప, ఒక బ్లాక్‌బోర్డు, ఊళ్లోనే కాస్త చదువుకున్న మనిషి టీచరు. కన్నతల్లికి కూతురు వెళ్లే దారి మొత్తం తెలుసు, పాఠం చెప్పేది ఎవరింటి మనిషో కూడా తెలుసు, ఇక పంపడానికి భయమెందుకు? మొదటి తాలిబన్ల కాలంలోనూ ఇదే దారి. సకీనా యాకూబీ అనే ఆవిడ 1995లో పెట్టిన సంస్థ అప్పట్లో ఇళ్లలో రహస్యంగా 80 బడులు నడిపింది.

జేబులోకి పోతుందన్న అనుమానం తప్పు కాదు. అక్కడా పాకిస్తాన్‌లోనూ బడులు కట్టిస్తానని కోట్ల డాలర్లు సేకరించిన సెంట్రల్ ఏషియా ఇన్‌స్టిట్యూట్ మీద 2011లో అమెరికా టీవీలో కథనం వచ్చింది, కొన్ని బడులు ఖాళీగా ఉన్నాయని. విచారణ తర్వాత, సంస్థ పెట్టినాయన దాదాపు 10 లక్షల డాలర్లు సంస్థకు తిరిగి కట్టాల్సొచ్చింది. అందుకే ఇచ్చేముందు అడగండి: కిందటేడు పెట్టిన క్లాసుల్లో ఈ ఏడాది ఎన్ని నడుస్తున్నాయి, టీచర్‌కి నెలనెలా జీతం ఎవరిస్తున్నారు, ఆడిట్ లెక్కలేవి? రిబ్బన్ కటింగ్ ఫొటోలు తప్ప ఇంకేం చూపించని వాళ్లకి పైసా ఇవ్వకండి. అక్కడి మనుషులతోనే చాలాకాలంగా పనిచేస్తున్న సంస్థని ఎంచుకుని, ఒక్కసారే పెద్ద మొత్తం ఇచ్చేకంటే ఏటా కొంత ఇస్తామని చెప్పండి. బడికి మూడో ఏడాది జీతం దొరకడమే కష్టం.

ప్రశ్న: ఇలా అఫ్గాన్ బడికి విరాళమిస్తే ఆదాయపన్నులో 80జి మినహాయింపు వస్తుందా?
- విజయవాడ నుంచి

జవాబు: విదేశీ సంస్థకు నేరుగా పంపితే రాదు. విదేశాలకు డబ్బు పంపుకోవడానికి ఆర్‌బీఐ పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితిలో విరాళం పంపుకోవచ్చు, బ్యాంకువాళ్లు కాగితాలు అడుగుతారు, టెన్షన్ పడకండి. పెద్ద సంస్థల ఇండియా శాఖకు ఇస్తే మాత్రం ఆ డబ్బు ఏ దేశంలో ఖర్చవుతుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్. డబ్బుతో పాటు వారాంతాల్లో అఫ్గాన్ ఆడపిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పాలనుంది. వీలవుతుందా?

జవాబు: అవుతుంది తమ్ముడూ, ఇళ్లలో ఉండిపోయిన పెద్దపిల్లలకి ఆన్‌లైన్ క్లాసులు నడిపే సంస్థలున్నాయి, వాటి ద్వారానే వెళ్లు, సొంతంగా మొదలుపెట్టకు. నెట్ సరిగా ఉండదు కాబట్టి వీడియో లేకుండా, ఫోన్‌లో దాచుకుని వినేలా చిన్న చిన్న ఆడియో పాఠాలు సిద్ధం చేసుకో. లేడీ టీచర్ ఉంటేనే ఒప్పుకునే ఇళ్లు ఎక్కువ, మీ ఆవిడో అక్కో చేరితే ఇంకా మంచిది. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ఆ పిల్లల పేరు, ఊరు, గొంతు, స్క్రీన్‌షాట్ ఏదీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు, మనవాళ్ల గ్రూపుల్లో కూడా.