సెప్టెంబరులో వారం రోజుల్లో కారులో ఐస్‌లాండ్ చుట్టి రావచ్చా?

మీరు రెండు సంగతులు అడిగారు. సెప్టెంబరులో ఐస్‌లాండ్ వెళ్లడం మంచిదేనా అన్నది ఒకటి, వారం రోజుల్లో సొంతంగా కారు నడుపుకుంటూ దేశమంతా చుట్టి రావచ్చా అన్నది రెండవది. మొదటిదానికి నా జవాబు నిస్సందేహంగా అవును; జూన్, జూలైల కన్నా సెప్టెంబరే మేలు. రెండవదానికి నా జవాబు, రావచ్చు గాని రావద్దు. కొన్నేళ్ల క్రితం నేను, నా భార్య, మా బావమరిది, అతని భార్య సరిగ్గా అలాగే ఏడు రోజుల్లో చుట్టి వచ్చాం. ఆ ఏడు రోజుల్లో నాకు నిజంగా మిగిలింది ఒక్క మధ్యాహ్నం. అది కూడా మేము రాసుకున్న పట్టికలో లేనిది.

ద్వీపం చుట్టూ తిరిగే ఒకటో నంబరు రహదారి పొడవు సుమారు 1,320 కిలోమీటర్లు. ఏడు రోజులకు పంచితే రోజుకు 190 కిలోమీటర్లు కూడా రావని, హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లేంత దూరం కూడా కాదని మా బావమరిది లెక్క వేశాడు. లెక్క తప్పు కాదు. అయితే ఆ లెక్కలో గాలి లేదు, పొద్దు లేదు. సెప్టెంబరులో అక్కడ పగటి వేళ రోజుకు ఆరేడు నిమిషాల చొప్పున తరిగిపోతుంది. వారం తిరిగేసరికి ముప్పావు గంట వెలుతురు చేజారుతుంది. తారు రోడ్డు మీద గంటకు 90, కంకర రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు. దారిలో కొన్ని వంతెనలు ఒకే కారు పట్టేవి కాబట్టి ఎదురుగా వచ్చేవారి కోసం ఆగాలి. ఆగాల్సిన చోటల్లా ఆగితే 190 కిలోమీటర్లు రోజంతా తినేస్తాయి. తూర్పు తీరంలోని ఫ్యోర్డుల గురించి, అంటే కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల గురించి, నేను మీకు ఏమీ చెప్పలేను, ఎందుకంటే వాటిని మేము చీకట్లో దాటాం. అంత దూరం వెళ్లి వాటిని చూడకుండా వచ్చామన్న బాధ ఇప్పటికీ ఉంది.

గాలి సంగతి వేరుగా చెప్పాలి. దక్షిణాన వాత్నాయోకుల్ హిమానీనదం కింద స్కెయ్ధరార్‌సాందుర్ అనే నల్ల ఇసుక మైదానం ఉంది. హిమానీనదం నుంచి వచ్చే ఏర్లు ఎప్పటికప్పుడు దారి మార్చుకునే నేల అది. ఈ రహదారి ద్వీపం చుట్టూ పూర్తిగా కలవడానికి 1974 దాకా పట్టిందంటే కారణం ఈ మైదానమే; ఇక్కడ వంతెనలు కట్టిన తరువాతనే వలయం మూసుకుంది. 1996లో మంచు కింద అగ్నిపర్వతం పేలి, కరిగిన నీరంతా నవంబరులో ఒక్కసారిగా వరదై వచ్చి ఆ వంతెనల్లో ఒకదాన్ని పూర్తిగా, మరొకదానిలో కొంత భాగాన్ని ఊడ్చేసింది. మెలి తిరిగిన రెండు ఇనుప దూలాలను రోడ్డు పక్కన జ్ఞాపకంగా ఉంచారు. మేము వాటి దగ్గరే ఆగాం. నా భార్య తలుపు తీసిందో లేదో, గాలి దాన్ని ఆమె చేతిలోంచి లాగేసి ముందుకు విరిచింది. కీలు వంగిపోయి మళ్లీ సరిగ్గా మూతపడలేదు. కారు అద్దెకిచ్చిన సంస్థ గాలి వల్ల జరిగిన నష్టం బీమా కిందికి రాదని చెప్పి పెద్ద మొత్తమే వసూలు చేసింది. కారు అప్పగించేటప్పుడు ఆ మాట ఒక్కరూ నోటితో చెప్పలేదు, నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉందట. కొత్తగా వచ్చినవాడికి అక్కడ అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట అదే కదా! మీరైతే కారు ముక్కును గాలికి ఎదురుగా పెట్టి ఆపండి, ఒకసారి ఒక్క తలుపే తీయండి, రెండు చేతులతో పట్టుకోండి. వారి వాతావరణ శాఖ గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో చెబుతుంది. 20 అని కనిపిస్తే చిన్న సంఖ్యే అనుకోకండి, అది గంటకు 72 కిలోమీటర్లు.

అంత గాలిలోనూ రంగులు మాత్రం చూసి తీరవలసినవే. ఐస్‌లాండ్‌లో ఆకురాలు కాలం తల పైన ఉండదు, కాళ్ల దగ్గర ఉంటుంది. మోకాలు దాటని మరుగుజ్జు బర్చ్ పొదలు, నేలను అంటుకొని పాకే బ్లూబెర్రీ తీగెలు, వాటి మధ్య నాచు. థింగ్‌వెల్లిర్‌లో, అంటే 930లో వారి శాసనసభ మొదటిసారి కూర్చున్న ఆ పగుళ్ల లోయలో, నేను బండ పక్కన కూర్చొని ఒక బర్చ్ కొమ్మను దగ్గరగా చూశాను. ఆకు నా చిటికెన వేలి గోరంత ఉంది, గుండ్రంగా, అంచంతా సన్నని పళ్లతో. ఒకే కొమ్మ మీద మొదట్లో పచ్చగా, నడుమ పసుపుగా, కొసన కుంకుమ రంగులో ఉన్నాయి ఆకులు. లోయంతా అదే. మనకు వినాయక చవితి వచ్చే రోజుల్లో, మన చేలు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే, వారికి ఏడాది అయిపోవస్తుంది. వారి పాత పంచాంగంలో ఉన్నవి రెండే కాలాలు, వేసవి, చలికాలం. అక్టోబరు చివర్లో చలికాలం మొదటి రోజు వస్తుంది. ఈ రంగులు ఆ రెండింటి మధ్య కొద్ది వారాల పాటు మాత్రమే ఉంటాయి.

ఇక్కడ ఒక ఫిర్యాదు చేయకుండా ఉండలేను. దక్షిణాన ఎల్ద్‌హ్రాయిన్ అనే లావా మైదానం మీదుగా రోడ్డు వెళ్తుంది. 1783లో లాకి అనే అగ్నిపర్వతపు పగుళ్లలోంచి వచ్చిన లావా అది. దానితో పాటు వచ్చిన విషవాయువులతో గడ్డి చెడి, పశువులు చచ్చి, ఆ తరువాతి కరువులో ఆ దేశపు మనుషుల్లో ఐదో వంతు మంది పోయారు. ఆ రాళ్ల మీద ఇప్పుడు అరచేతి మందాన బూడిదాకుపచ్చ నాచు పరచుకొని ఉంది. రెండు శతాబ్దాలకు పైగా పెరిగిన ఆ నాచు మీద ఒకసారి కాలు పడితే ఆ అడుగు ఏళ్ల తరబడి మానదు. మా కళ్ల ముందే ఒక కుటుంబం ఫోటో కోసం దాని మీద పడుకుంది. దయచేసి మీరు అలా చేయకండి, పిల్లలనూ చేయనివ్వకండి.

ఉత్తర ధ్రువపు వెలుగుల గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను ఎక్కువ రాయను. మేము మీవాత్న్ సరస్సు దగ్గర ఒక రాత్రి చూశాం, బాగున్నాయి.

ఇక ఆ ఒక్క మధ్యాహ్నం. ఆరో రోజు పొద్దున అకురేరి ఊరి నుంచి బయలుదేరాం. దాదాపు 390 కిలోమీటర్లు నడిపి సాయంత్రానికి రాజధాని రేక్యవిక్ చేరాలన్నది మా పట్టిక. బ్లోండుయోస్‌లో పెట్రోలు పోయించుకుంటుంటే గుర్రాలను ఎక్కించిన ట్రెయిలర్లు వరుసగా ఒకే వైపు వెళ్లడం కనిపించింది. బంకులోని అమ్మాయిని అడిగితే, వాత్న్స్‌దాలుర్ లోయలో ఇవాళ రియెత్తిర్ అని చెప్పింది. వేసవి మొదట్లో కొండల మీదికి స్వేచ్ఛగా వదిలేసిన గొర్రెలను రైతులందరూ కలిసి గుర్రాల మీద వెళ్లి, రోజుల తరబడి వెతికి కిందికి తోలుకొచ్చి, ఎవరివి వారు ఏరుకునే రోజు అది. వెళ్దామని నేను పట్టుబట్టాను. మా బావమరిది గడియారం చూపించాడు. "బావా, గొర్రెలను చూడటానికా ఇంత దూరం వచ్చింది?" అన్నాడు. నేను పాలమూరు జిల్లావాడిని. మా తాతకు నల్ల గొర్రెల మంద ఉండేది. ఎండాకాలంలో మందను తోలుకొని కృష్ణ ఒడ్డు దాకా వెళ్లి, పొలాల్లో రాత్రుళ్లు మంద పెట్టి, ఎరువుకు బదులుగా రైతుల దగ్గర గింజలు తీసుకొని వానలకు తిరిగి వచ్చేవాడు. గొర్రెలను చూడటానికే వచ్చానని ఆ క్షణంలో నాకు నిజంగా అనిపించింది.

లోయలోకి మలుపు తిరిగే చోట వందలాది మట్టిదిబ్బలు ఉంటాయి. తమ దేశంలో లెక్కపెట్టలేనివి మూడు అని ఐస్‌లాండువాళ్లు చెప్పుకొనేవాటిలో ఈ దిబ్బలు ఒకటి. వాటిని దాటి కంకర రోడ్డు మీద కొంత దూరం పోయేసరికి ఎదురుగా రోడ్డు కదిలి వస్తున్నట్టు కనిపించింది. కారు ఆపి ఇంజన్ కట్టేశాను. మంద మా కారును చేరి రెండు పాయలుగా చీలి, మమ్మల్ని దాటుకుంటూ పారింది. తెల్లవి, నల్లవి, గోధుమ రంగువి, బొల్లి మొహాలవి. తడిసిన ఉన్ని తలుపుకు రాసుకుంటూ పోతున్న బరబర శబ్దం లోపలికి స్పష్టంగా వినిపించింది. అద్దం రెండు వేళ్లంత దించాను. మా తాత గొంగడి వాసన వచ్చింది.

దొడ్డి గుండ్రంగా ఉంది. నడుమ పెద్ద ఆవరణ, దాని చుట్టూ బండి చక్రానికి ఆకుల్లా గదులు, ఒక్కో పొలానికి ఒక్కో గది. మందను కొంత కొంతగా నడిమి ఆవరణలోకి వదులుతారు. అక్కడ ముసలివాళ్ల నుంచి ఆరేళ్ల పిల్లల దాకా అందరూ గొర్రెను పట్టుకొని, చెవి చూసి, దాని గదిలోకి నడిపిస్తారు. గోడ మీద నిలబడి చూస్తున్న నన్ను, చేత్తో అల్లిన ఉన్ని స్వెటరు వేసుకున్న డెబ్బై ఏళ్ల పైబడిన రైతమ్మ ఒకావిడ కిందికి రమ్మని పిలిచింది. కొమ్ములు పట్టుకో గాని లాగకు, రెండు కాళ్ల నడుమ ఇరికించుకొని దానితో పాటు నువ్వూ నడువు అని నేర్పింది. మూడోసారికి నాకు పట్టు దొరికింది. చెవులకు ప్లాస్టిక్ బిళ్లలు ఉన్నా ఆవిడ వాటిని చూడటం లేదు. మనిషి పక్కకు తిరిగి మాట్లాడుతూనే గొర్రె చెవిని బొటనవేలితో తడిమి, ఫలానా పొలానిదని చెప్పేస్తోంది. చెవి కొసన త్రికోణంగా తీసిన కోతకు సీల్ట్ అని, అంచున పెట్టిన చిన్న గాటుకు బితి అని పేర్లు ఉన్నాయట, ఏ గుర్తు ఎవరిదో పుస్తకంలో నమోదై ఉంటుందట. మా తాతకూ మంద ఉండేదని చెబితే, ఆయన గుర్తు ఏమిటని వెంటనే అడిగింది. నాకు తెలియదు. అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను. మన దగ్గర అప్పుడు సాయంత్రం. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "ఎడమ చెవి కొసకు కత్తెర, కుడి చెవి వెనకంచుకు గాటు. ఎందుకురా?" అంది. నేను దాన్ని చేత్తో చూపిస్తే ఆ రైతమ్మ తల ఊపి, ఆ రెండు కోతల పేర్లూ తన భాషలో చెప్పింది.

గొర్రెల కాపరి మనవడిని కాబట్టి ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మనం ప్రకృతి సిద్ధమనుకొని ఫోటోలు తీసే ఆ విశాలమైన బోడి కొండలు ఒకప్పుడు అలా లేవు. తొమ్మిదో శతాబ్దంలో మనుషులు స్థిరపడే నాటికి దేశంలో నాలుగో వంతు అయినా బర్చ్ అడవి ఉండేదంటారు. ఇప్పుడు చెట్లున్న నేల నూటికి రెండు పాళ్ల దగ్గరే. గొడ్డలి నరికినదాన్ని గొర్రె మళ్లీ లేవనివ్వలేదు, వేర్లు పోయిన మట్టిని గాలి ఎత్తుకుపోయింది. 1907లోనే మట్టిని కాపాడటానికి ప్రభుత్వం ఒక విభాగాన్ని పెట్టవలసి వచ్చింది. ఆ రైతమ్మ కూడా తన తండ్రి నాటి మందలో సగమే ఇప్పుడు పైకి పంపుతున్నానని, కంచె వేసిన చోట బర్చ్ తనంతట తనే మొలుస్తోందని చెప్పింది. నిర్మానుష్యమైన ప్రకృతి అని రాసేవారందరూ ఒక్కసారి ఆ దొడ్డి దగ్గర నిలబడాలని నా కోరిక. ఆ లోయలో మనిషి చేయి పడని గజం నేల నాకు కనిపించలేదు.

చీకటి పడే వేళకు అందరికీ గొర్రెమాంసపు సూప్ పోశారు. పాటలు మొదలయ్యాయి. రేక్యవిక్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. పట్టికలో ఆ రోజుకు రాసుకున్న రెండు జలపాతాలు పోయాయి, ఎవరూ వాటిని తలచుకోలేదు.

కాబట్టి మీకు ఏడు రోజులే ఉంటే వలయం మానేయండి. మూడు రోజులు దక్షిణాన స్కాఫ్తాఫెల్, యోకుల్సార్లోన్ మంచు సరస్సు దాకా వెళ్లి అదే దారిన వెనక్కి రండి. మూడు రోజులు ఉత్తరాన ఏదైనా ఒక్క లోయలో ఉండండి. ఒక రోజు గాలి కోసం అట్టిపెట్టండి, అది తప్పక తీసుకుంటుంది. సెప్టెంబరు కదా అని మంచును తక్కువగా అంచనా వేయకండి. 2012లో సెప్టెంబరు రెండో వారంలోనే ఉత్తరాన మంచు తుఫాను వచ్చి వేల గొర్రెలు మంచు కింద చిక్కుకుపోతే ఊళ్లన్నీ కలిసి తవ్వి తీశాయి. పొద్దున బయలుదేరే ముందు రోడ్ల పరిస్థితి చూసుకోండి, ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండ దారుల్లోకి మామూలు కారుతో పోకండి, ఆపదలో 112కు ఫోన్ చేయండి. ఏ దొడ్డి ఏ రోజో ప్రతి ఏడాదీ వారి రైతుల పత్రికలో ముందుగానే జాబితా వేస్తారు. విమానం టికెట్టు కొనేముందు ఆ తేదీలు చూసుకోండి, చాలావరకు సెప్టెంబరు మొదటి పక్షంలో శని ఆదివారాలకు అటూ ఇటూ పడతాయి. పాత బూట్లు తీసుకెళ్లండి.